బెట్టీ చెవి, బార్టన్ హాలు చప్పట్లు

2005 అక్టోబరులో, గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికన్ రాక్ బ్యాండు కచేరీ ఎక్కించిన ఒక సీడీ మీద నల్ల మార్కరుతో 8/5/77 అని రాసి, సాయంత్రం కారులో వినవచ్చని ఆఫీసు బల్ల మీద పెట్టుకున్నాను. పక్క సీటు పెద్దాయన కాఫీ కప్పు పట్టుకుని అటుగా వెళ్తూ దాన్ని చూసి ఆగారు. "ఆ రోజు వాళ్లు ఎక్కడా వాయించలేదే" అన్నారు. నేను తెల్లముఖం వేశాను. ఆయనే నింపాదిగా చెప్పుకొచ్చారు. 1977 జూన్‌లో డ్రమ్ములు వాయించే మిక్కీ హార్ట్ కారు ప్రమాదంలో గాయపడ్డాడు. ఆ వేసవి పర్యటన రద్దయింది. సెప్టెంబరు మూడో తేదీ దాకా బ్యాండు మళ్లీ వేదిక ఎక్కలేదు. ఇక ఆగస్టు ఐదున కచేరీ ఎక్కడి నుంచి వస్తుంది?

నేను రాసుకున్నది మే ఎనిమిది. మన అలవాటు ప్రకారం రోజు ముందు, నెల తర్వాత. అమెరికాకు వచ్చి నాలుగేళ్లయినా నా చెయ్యి ఆ అలవాటు మానలేదు. సంగతి తెలిసి ఆయన పకపకా నవ్వారు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఇరవై ఎనిమిదేళ్ల కిందటి ఒక ఆగస్టు రోజున ఒక బ్యాండు ఏమీ వాయించలేదని నోటికి తెలిసిన మనిషిని చూడటం నాకు అదే మొదటిసారి.

గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానులకు కచేరీ అంటే తేదీయే. ఊరి పేరు కూడా దాని తర్వాతే. 1965లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మొదలై, 1995 ఆగస్టులో గిటారిస్టు జెర్రీ గార్సియా మరణంతో ముగిసిన ఆ ముప్ఫై ఏళ్లలో వాళ్లు ఇచ్చిన కచేరీలు 2,300కు పైమాటే. పాటల వరస ముందుగా రాసుకునేవారు కాదు. పాట వాళ్లకు పల్లవి లాంటిది. అందుకుని బయలుదేరితే ఎక్కడిదాకా వెళ్తారో, ఏ దారిన తిరిగొస్తారో ఆ రాత్రే తేలాలి. 'డార్క్ స్టార్' అనే పాటనే తీసుకోండి. 1968లో సింగిల్‌గా విడుదలైనప్పుడు మూడు నిమిషాలు కూడా లేదు, కొన్నవాళ్లూ పెద్దగా లేరు. మరుసటి ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో వాయించినది ఇరవై మూడు నిమిషాలు. 1972 ఆగస్టు 27న ఆరెగాన్ రాష్ట్రంలోని వెనెటాలో, గిటార్ల శ్రుతి నిలవనంత మండుటెండలో మొదలైన కచేరీలో, అదే పాట అరగంట దాటింది. కాబట్టి ఈ లోకంలో "ఆ పాట బాగుంటుంది" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఏ రాత్రి పాట అని అడుగుతారు.

నన్ను మొదట పట్టుకున్నది మాత్రం లెక్క. 'ది ఎలెవెన్' అని వాళ్ల పాత పాట ఒకటుంది. పదకొండు మాత్రల తాళం. చిన్నప్పుడు మృదంగం రెండేళ్లు నేర్చుకుని మానేసిన నాకు, రాక్ బ్యాండులో పదకొండు వినిపించగానే వేళ్లు వాటంతట అవే తొడ మీద పడ్డాయి. మిక్కీ హార్ట్ తబలా ఉస్తాద్ అల్లా రఖా దగ్గర నేర్చుకున్నవాడనీ, 1991లో జాకిర్ హుస్సేన్‌తో, ఘటం విక్కు వినాయకరామ్‌తో కలిసి 'ప్లానెట్ డ్రమ్' చేసినవాడు ఇతడేననీ తర్వాత తెలిసింది. అప్పటికే నేను మునిగిపోయి ఉన్నాను.

ఈ పోలికల పిచ్చి నాకు కొత్తేమీ కాదు. మా తాతయ్యకు పద్యనాటకాలంటే ప్రాణం. అదే రాయబారం, అదే పద్యం, చాలాసార్లు కృష్ణుడి వేషం వేసినవాడు కూడా అతడే. అయినా అరుగు మీద నలుగురు చేరితే తగువే. తెనాలిలో రాగం ఇంకాస్త లాగాడని ఒకరు, గుడివాడలో గొంతు బొంగురుపోయినా భావం అక్కడే పండిందని ఇంకొకరు, మూడుసార్లు వన్స్‌మోర్ పడింది మా ఊళ్లోనేనని మరొకరు. సాక్ష్యం లేని కేసు అది. గొంతు పెద్దదైనవాడిదే తీర్పు. తాతయ్య గొంతు పెద్దదే.

డెడ్ అభిమానుల దగ్గర మాత్రం సాక్ష్యాలున్నాయి. ఆ కచేరీల్లో అధిక భాగం ఏదో ఒక టేపు మీద మిగిలింది. ఇక తగువులు తీరిపోవాలి కదా? తీరలేదు సరికదా, నాకు తోచినంతలో అవి ఇంకో తప్పుదారి పట్టాయి. మనం రాత్రులను పోలుస్తున్నామని అనుకుంటూ టేపులను పోలుస్తున్నాం.

నేను తప్పు తేదీ వేసిన ఆ కచేరీనే చూడండి. 1977 మే 8, ఆదివారం, న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా, కార్నెల్ విశ్వవిద్యాలయం, బార్టన్ హాల్. మే నెలలో కూడా ఆ రాత్రి అక్కడ మంచు పడింది. ఎవరి జాబితాలో చూసినా ఇది మొదటి రెండు మూడు స్థానాల్లో ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011 సంవత్సరానికి జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో దీన్ని చేర్చింది. చివరికి 2017 మేలో అధికారికంగా విడుదలైంది. అప్పటికే అది చేతులు మారి మారి దేశమంతా తిరిగి ముప్ఫై ఏళ్లయింది. గొప్పగా వాయించారా? వాయించారు. ఆ ఏడాది మొదట్లో 'టెరాపిన్ స్టేషన్' ఆల్బమ్ రికార్డింగుకు వచ్చిన నిర్మాత కీత్ ఓల్సెన్ వాళ్లను కూర్చోబెట్టి సాధన చేయించాడు. సాధన అంటే ముఖం చాటేసే బ్యాండుకు ఆ వసంతమంతా చేతుల్లో బిగువు కనిపించడానికి అదొక కారణం.

అయితే ఆ బిగువు మే ఎనిమిదికి మాత్రమే వచ్చింది కాదు. ఐదున న్యూహేవెన్‌లో ఉంది, ఏడున బోస్టన్‌లో ఉంది, తొమ్మిదిన బఫెలోలో ఉంది. మా ఆఫీసు పెద్దాయన బఫెలో పార్టీ. అక్కడి కచేరీలో "హెల్ప్ ఆన్ ద వే" పాట మొదటి వరస పడగానే కార్నెల్ వాదన ముగిసిపోతుందని ఆయన నమ్మకం. ఆ మాట అన్నాక ఇంకేమీ వినరు.

మరి కార్నెల్‌కే ఈ కిరీటం ఎందుకు పెట్టారు? నా జవాబు ఒక మనిషి పేరు: బెట్టీ కాంటర్ జాక్సన్. డెడ్ బృందంలో ధ్వనిముద్రణ చేసిన ఇంజనీరు ఆమె. సౌండ్‌బోర్డ్ టేపు అంటే సాధారణంగా మిక్సింగ్ బల్ల నుంచి హాలు స్పీకర్లకు వెళ్లే ధ్వనినే నేరుగా పట్టుకున్నది. అందులో ఒక లోపం ఉంటుంది. వేదిక మీద గిటారు యాంప్లిఫయరే హాలు దద్దరిల్లేలా మోగుతుంటే బల్ల నుంచి దాన్ని పెంచాల్సిన పని ఉండదు. అందుకే టేపులో గిటారు సన్నగా, గొంతు మీద పడ్డట్టుగా వినిపిస్తాయి. బెట్టీ ఆ ధ్వనితో సరిపెట్టుకోలేదు. టేపు కోసం వేరే మిక్సు తానే కట్టుకునేది. హాల్లో జనానికి వినిపించింది ఒకటి, ఆమె టేపు మీదికి వెళ్లింది మరొకటి. ఫిల్ లెష్ బేసు గుండ్రంగా కింద పరుచుకుని, గార్సియా ఒక పక్క, రెండో గిటారిస్టు బాబ్ వీర్ ఇంకో పక్క, ఎవరి దారిన వాళ్లు నడుస్తూ కనిపిస్తారు. వినిపిస్తారు అనాలి, కానీ బెట్టీ టేపుల విషయంలో నా నోటికి ఆ మాటే వస్తుంది.

ఆ టేపుల కథ వింటే కడుపు తరుక్కుపోతుంది. బ్యాండుతో ఆమె బంధం తెగింది. చేతిలో డబ్బు లేదు. అద్దె గోదాములో దాచిన పెట్టెలకు బాకీ పేరుకుపోయింది. 1986లో ఆ సామానును వేలం వేశారు. వెయ్యికి పైగా రీళ్లు వేలంపాటలో ఎవరెవరి చేతులకో వెళ్లాయి. ఆ మరుసటి ఏడాది నుంచీ వాటి నకళ్లు క్యాసెట్ల మీద బయటపడటం మొదలైంది. అప్పటిదాకా అభిమానుల చేతుల్లో ఉన్నవి ఎన్నో చేతులు మారిన గరగరల క్యాసెట్లు. నకలుకు నకలు, దానికి మళ్లీ నకలు. ప్రతి తరానికీ బుస ఒక పొర పెరుగుతుంది. అలాంటి చెవుల్లో ఉన్నట్టుండి కార్నెల్ పడింది, కడిగిన ముత్యంలా. చీకట్లో పడి ఉండి పైకి లేచినవాళ్లకు ఏ దీపమైనా సూర్యుడే. ఆ రాత్రి కీర్తిలో సగం గార్సియా వేళ్లదైతే సగం బెట్టీ చెవిది. వేలంలో బఫెలో ఒక్కటే బయటికి వచ్చి కార్నెల్ రీళ్లు బూజుపట్టి పోయి ఉంటే, మా పెద్దాయన ఈ పాటికి దిగ్విజయంగా గెలిచి ఉండేవారు.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టలేదు. పాతకాపులు గొణుక్కునేదే. ఇంతవరకు ఒప్పుకున్నవాళ్లు కూడా "అయితే మంచి సౌండ్‌బోర్డ్‌లన్నీ పక్కపక్కన పెట్టి పోలుద్దాం" అంటారు. నాకు పేచీ అక్కడ. రాత్రిని తూచాలనుకుంటే సౌండ్‌బోర్డ్ తప్పుడు త్రాసు. తూచాల్సింది ఆడియన్స్ టేపుతో. అంటే జనంలో కూర్చున్న ఎవరో మైకులు పైకెత్తి పట్టుకుని తీసిన టేపుతో.

నిజం చెప్పాలంటే ఈ జ్ఞానం నాకు గత్యంతరం లేక కలిగింది. సీడీ మీద తేదీ తప్పు రాసిన నెల తర్వాత, థాంక్స్‌గివింగ్ సెలవుల సమయంలో, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైటు నుంచి డెడ్ టేపుల డౌన్‌లోడ్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. బ్యాండు తరఫువాళ్లు తీసేయమన్నారు. అభిమానులు మండిపడ్డారు, ఫిల్ లెష్ కూడా ఆ నిర్ణయం తనకు తెలియదని బాహాటంగా చెప్పాడు. కొద్ది రోజులకే రాజీ కుదిరింది. ఆడియన్స్ టేపులు దింపుకోవచ్చు, సౌండ్‌బోర్డ్‌లు మాత్రం అక్కడే ఉండి వినాలి. నా కారుకు ఉన్నది సీడీ ప్లేయరు. రోజూ గంటన్నర ప్రయాణం. దింపుకోదగ్గది ఆడియన్స్ టేపు ఒక్కటే. చచ్చినట్టు విన్నాను.

మొదటి వారం తలనొప్పి. బావిలోంచి పాడుతున్నట్టు ఉంది. ఎవరో ఈల వేస్తారు, అది సూటిగా చెవిలో గుచ్చుకుంటుంది. పాట మధ్యలో టేపు తిప్పిన చోట ఖాళీ. తొంభై నిమిషాల క్యాసెట్ అంటే పక్కకు నలభై ఐదు. ఆ నలభై ఐదు ఎప్పుడు నిండుతుందో గార్సియాకు తెలియదు, తెలిసినా ఆగడు. అందుకే జనంలో కూర్చుని టేపు తీసే టేపర్లు వాచీ చూసుకుంటూ, పాటకూ పాటకూ మధ్య శ్రుతులు సరిచేసుకునే సందులో, ఇంకా టేపు మిగిలి ఉన్నా ముందే తిప్పేసేవారు. అది తెలిశాక ఆ ఖాళీల మీద కోపం పోయింది. 1984 శరదృతువులో బర్కిలీలో మొదలుపెట్టి, మిక్సింగ్ బల్ల వెనక టేపర్లకంటూ బ్యాండే చోటు కేటాయించింది. అంతకుముందు మైకులు బట్టల్లో దాచుకుని లోపలికి తెచ్చినవాళ్లే ఎక్కువ. ఆ టేపులను ఎవరూ అమ్ముకోకూడదు. ఖాళీ క్యాసెట్లూ తిరుగు తపాలా ఖర్చూ పంపితే చాలు, ముక్కూ మొహం తెలియనివాడికైనా నకలు తీసి పంపేవారు. ఆ మర్యాద నాకు బాగా నచ్చింది.

మూడో వారంలో అనుకుంటాను, కార్నెల్‌కే ఒక ఆడియన్స్ టేపు దొరికింది. అదే రాత్రి, అవే పాటలు, ఇంకో చోటు నుంచి.

విరామం తర్వాత రెండో సెట్టు మొదట్లో బాబ్ వీర్ జనాన్ని ఒక అడుగు వెనక్కి వేయమని బతిమాలతాడు. ముందు వరసలవాళ్లు నలిగిపోతున్నారు. బెట్టీ టేపులో అది వీర్ జోకు, స్పష్టమైన గొంతు, ఎక్కడో దూరంగా గోల. హాలు టేపులో అది తలకిందులవుతుంది. వీర్ దూరంగా ఉంటాడు, గోల మన చుట్టూ ఉంటుంది. వెనక్కి జరగాల్సింది మనం. ఆ వెంటనే 'స్కార్లెట్ బిగోనియాస్' ఎత్తుకుంటారు. అందులోంచి 'ఫైర్ ఆన్ ద మౌంటెన్' లోకి జారతారు. 'ఫైర్' అప్పటికి రెండు నెలల పాట, ఆ మార్చిలోనే తొలిసారి వాయించారు. ఈ జారుడు కోసమే కార్నెల్ వినేవాళ్లు ఎందరో. బెట్టీ టేపులో లెష్ ఎక్కడ రంగు మార్చాడో, గార్సియా ఎప్పుడు ఒప్పుకున్నాడో వేలు పెట్టి చూపించవచ్చు. హాలు టేపులో అలా చూపించలేం. బార్టన్ హాల్ కచేరీల కోసం కట్టినది కాదు. ఒకప్పటి కవాతు హాలు, ఇనుప దూలాల ఎత్తయిన కప్పు. డ్రమ్ము దెబ్బ పైకి వెళ్లి తిరిగి వస్తుంది. అందుకే పాట ఎక్కడ మారిందో తెలియదు. చప్పట్ల నడక మారుతుంది. మనకన్నా ముందు పక్కవాళ్లకు తెలిసిపోయింది. ఓహో అనుకునేలోపు మనమూ దాని మీదే ఉంటాం.

బెట్టీ టేపులో ఆ చోటు విన్నప్పుడు వాళ్ల తెలివికి జోహారు అంటాను. ఇక్కడ జోహారు అనేంత తీరిక ఉండదు.

ఆ సెట్టు చివర 'మార్నింగ్ డ్యూ'. అణుయుద్ధం తర్వాత లోకంలో మిగిలినవాళ్ల మాటలుగా కెనడా గాయని బానీ డాబ్సన్ రాసిన పాట. కార్నెల్‌లో దాదాపు పద్నాలుగు నిమిషాలు. గొంతు ఆగిన చోట గార్సియా నెమ్మదిగా మొదలుపెట్టి తీగలన్నీ ఒకేసారి మీటుతూ కప్పు ఎగిరిపోయేదాకా తీసుకెళ్తాడు. బెట్టీ టేపులో అక్కడ గిటారు పెరుగుతుంది. హాలు టేపులో హాలే పెరుగుతుంది. చివరి దెబ్బకు లేచిన అరుపులో వాద్యాలేవో జనమేదో విడదీయలేం. ధ్వనిశాస్త్రం లెక్కన అది పాడైన రికార్డింగు. ఆ రాత్రి అక్కడున్నవాళ్లకు వినిపించింది మాత్రం అదే. అమెరికన్ అభిమాని ఎవరైనా "ఆ రాత్రి నిజంగా అంత గొప్పదా?" అని నన్ను అడిగితే ఈ టేపే వినమంటాను. అవును, గొప్పదే. బెట్టీ టేపు విన్నంతకాలం నాకు అనుమానం ఉండేది. ఈ గరగర టేపు తీర్చింది.

దీనికి వచ్చే ఎదురుమాటలు నాకు తెలుసు. ఆడియన్స్ టేపుల్లో ముప్పావు వంతు వినలేం. మైకు పక్కన నిలబడ్డవాడు తాగి వాగితే ఆ కచేరీ చరిత్రలో వాగుడుగానే మిగిలిపోతుంది. నిజమే. మధ్యేమార్గంగా రెండు టేపులనూ కలిపి 'మేట్రిక్స్' అని తయారుచేసే ఓపికమంతులూ ఉన్నారు. ఏ రెండు యంత్రాలూ ఒకే వేగంతో తిరగవు కాబట్టి, అడుగడుగునా సర్దుతూ రెండింటినీ జతపరచాలి. వాళ్ల శ్రమకు దండం. కానీ నాకది పెళ్లి వీడియోకు స్టూడియోలో కలిపిన సన్నాయిలా ఉంటుంది. అన్నీ ఉంటాయి, నేను ఎక్కడ నిలబడ్డానో తెలియదు. ఈ విషయంలో నాది మొండితనమే అనుకోండి.

మా పెద్దాయన గురించి ఒక మాట. ఆయన కార్నెల్‌కు వెళ్లలేదు, బఫెలోకూ వెళ్లలేదు. 1977 సెప్టెంబరు 3న న్యూజెర్సీలో ఇంగ్లిష్‌టౌన్ రేస్‌వే పార్కుకు వెళ్లారు. మిక్కీ హార్ట్ గాయాల తర్వాత తొలి కచేరీ. లక్షకు పైగా జనం. ఆ కచేరీకి కూడా బెట్టీ టేపు ఉంది, అధికారిక సీడీ కూడా వచ్చింది. ఆయన ఇంట్లో ఉంది. నాకు తెలిసి ఆయన దాన్ని వినరు. అందులో 'మిసిసిపీ హాఫ్‌స్టెప్' పాట కోసం జనం ప్రాణాలిస్తారని నేను అన్నాను. "అప్పుడు నేను నీళ్ల కోసం వరసలో ఉన్నాను" అన్నారు. ఎండ, దాహం, ఇంటికి చేరేసరికి తెల్లారడం, ఇవే చెప్తారు. ఎలా వాయించారని అడిగితే భుజాలెగరేస్తారు. వెళ్లని బఫెలో గురించి మాత్రం గంట మాట్లాడతారు. నా వాదనకు ఆయనే పెద్ద గండి. వెళ్లిన మనిషికి సంగీతం గుర్తులేదు, టేపు విన్న మనిషికి అన్నీ గుర్తున్నాయి. ఆ మాటే ఆయనతో అన్నాను. "అందుకేగా టేపు" అని కాఫీ కోసం లేచారు.

ఆరేళ్ల కిందట మా అబ్బాయికి కాలేజీలు చూపించే తిరుగుడులో ఇథాకా వెళ్లాం. ప్రవేశాల గురించి ఉపన్యాసం అయ్యాక వాళ్లమ్మా వాడూ హాస్టలు గదులు చూస్తామన్నారు. నేను జారుకుని బార్టన్ హాలుకు వెళ్లాను. లోపల పరుగుపందాల ట్రాకు ఉంది. ఇద్దరు ముగ్గురు విద్యార్థులు చెవుల్లో ఏవో పెట్టుకుని చుట్లు కొడుతున్నారు. వేదిక ఏ వైపు ఉండేదో తెలియలేదు, అడిగేందుకు మనిషీ కనిపించలేదు. కప్పు మాత్రం ఫొటోల్లో ఉన్నట్టే ఉంది, ఇనుప దూలాలు, మసక వెలుతురు. ఎవరూ నా వైపు చూడని సమయం చూసి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాను. పరుగెత్తుతున్న అమ్మాయి ఒకతె తల తిప్పింది. చప్పుడు పైకి వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ వెళ్లింది. ఖాళీ హాలు కదా, టేపులో కన్నా ఎక్కువసేపే నిలిచింది.